‘మీ నాన్నకి పంపిస్తాం’ అని తమ్ముడిని బెదిరిస్తున్నారు... ఇంట్లో చెప్పాలా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 26 ఏళ్ల పాఠకురాలు తన తమ్ముడి గురించి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇదీ.

వాళ్లది తణుకు దగ్గర ఒక ఊరు. నాన్నకి ఎరువుల కొట్టు ఉంది, ఊళ్లో మంచి పేరుంది. తమ్ముడికి 19 ఏళ్లు. హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రాత్రి రెండింటి దాకా దుప్పట్లో ఫోన్ చూస్తూనే ఉన్నాడు. అంతకు ముందే ఎగ్జామ్ ఫీజు అని చెప్పి అక్క దగ్గర 12 వేలు తీసుకున్నాడు. బట్టలు ఉతుకుదామని బ్యాగు తీస్తే అడుగున ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో నల్లటి లేహ్యం కనిపించాయి. డబ్బా మీద మందు పేరు లేదు, కంపెనీ పేరు లేదు. మూత మీద మాత్రం పెన్నుతో ‘ఉ–1, రా–1’ అని రాసి ఉంది.

అడిగితే ముందు బుకాయించాడు, తర్వాత ఏడ్చేశాడు. ఇంటర్ నుంచి హస్తప్రయోగం అలవాటుంది. ఆ అలవాటున్న కుర్రాళ్లకి నరాలు చచ్చుబడతాయని, పెళ్లికి పనికిరారని ఫోన్లో ఒక వీడియో చూశాడు. కింద ఉన్న నంబర్ నొక్కితే వాట్సాప్‌లో ‘డాక్టర్ గారు’ వచ్చారు. ఫొటోలు అడిగితే పంపాడు. పార్సిల్ కోసం రెండో నంబర్ అడిగితే నాన్న నంబర్ ఇచ్చాడు. 12 వేల కోర్సు నెల రోజులు వాడాక, ‘నీ కేసు సీరియస్, రెండో కోర్సుకి 25 వేలు’ అన్నారు. డబ్బు లేదంటే, ‘నీ ఫొటోలు, కేస్ షీట్ మీ నాన్నకి పంపిస్తాం’ అని మెసేజ్ పెట్టారు.

ఇంకో పక్క రోజూ రాత్రి ఒక ఏఐ చాట్‌బాట్‌ని ‘నాకేమైనా అవుతుందా’ అని అడుగుతున్నాడు. ఏమీ కాదని అది చెబుతుంది. గంటకే మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు. అదే చాట్‌లో మరో ప్రశ్న కూడా అక్క కంట పడింది: ‘అమ్మాయి యాప్‌లో సేఫ్ డేస్ చూసుకుంటే చాలా?’ తమ కాలేజీలోనే చదివే ఒకమ్మాయితో స్నేహం ఉందని ఒప్పుకున్నాడు, అంతకు మించి చెప్పలేదు.

నాన్నకి చెప్పాలా? ఫోన్ లాక్కోవాలా? ఈ విషయాలకి నమ్మదగిన యాప్ ఏదైనా ఉందా? నేను ఐదేళ్లుగా పీరియడ్స్ యాప్ వాడుతున్నాను, నాకేమీ కాలేదు, వాడికే ఎందుకిలా అయింది? అక్కగా వాడితో ఇవన్నీ ఎలా మాట్లాడను? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీ తమ్ముడు ఏడ్చి చెప్పుకున్నది మీ దగ్గర. కాబట్టి ఎలా మాట్లాడాలన్న మీ చివరి ప్రశ్నకి సగం జవాబు అప్పుడే దొరికింది. మిగతా సగం తర్వాత మాట్లాడుకుందాం. ముందు చూడాల్సింది బెదిరింపు.

ఈ రోజే ఫోన్ చేసి ఒక్క మాట సూటిగా అడగండి: ‘ఈ టెన్షన్‌లో చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ ఇలా అడిగితే లేని ఆలోచన వస్తుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే మనసులో ఉన్నది బయటికొస్తుంది. అవునన్నా, మాట దాటేసినా అతన్ని ఒంటరిగా వదలకండి. మీరు వెళ్లండి, లేదా మీరు వెళ్లేదాకా ఒక స్నేహితుడిని పక్కన ఉండమనండి. 14416 టెలి మానస్ నంబర్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బెదిరించేవాళ్లకి ఇక ఒక్క రూపాయి కూడా వద్దు. ఇచ్చిన కొద్దీ అడుగుతారు. కోపంలోనో సిగ్గుతోనో అతను ఆ చాట్ మొత్తం డిలీట్ చేసేయవచ్చు, చేయవద్దని ముందే చెప్పండి. మెసేజ్‌లు, ఫోన్ నంబర్లు, వీడియో లింకు, యూపీఐ లావాదేవీ నంబరు, డబ్బు ఎవరి పేరున వెళ్లిందో ఆ పేరు, పార్సిల్ కవర్ మీది చిరునామా, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి మీకు కూడా పంపమనండి. ఆ తర్వాతే నంబర్ బ్లాక్ చేయాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. నెల దాటింది కాబట్టి 12 వేలు వెనక్కి వస్తాయని ఆశ పెట్టుకోకండి. అయినా ఫిర్యాదు కావాలి. రేపు నిజంగా ఎవరికైనా ఫొటో పంపితే, అప్పటికే మన చేతిలో ఫిర్యాదు నంబర్ ఉంటుంది. అతనికి 19 ఏళ్లు కాబట్టి ఫిర్యాదు చేయడానికి నాన్న సంతకం అక్కర్లేదు.

ఆ ఫొటోల కోసం ఇంకో పని చేయవచ్చు. ‘స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్’ అని ఒక ఉచిత సేవ ఉంది, 18 దాటినవాళ్ల కోసం. ఫొటో ఫోన్లోంచి బయటికి వెళ్లదు. దాన్ని గుర్తుపట్టే ఒక కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే ఈ పథకంలో చేరిన సోషల్ మీడియా కంపెనీలకి వెళుతుంది. ఆ ఫొటోని అక్కడ ఎవరైనా పెట్టబోతే అవి పట్టుకుని ఆపగలవు. వాట్సాప్‌లో ఒకరు నేరుగా ఇంకొకరికి పంపేదాన్ని మాత్రం ఇది ఆపలేదు. అందుకే నాన్న సంగతి తేల్చుకోవాల్సి వస్తోంది.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, నాన్నకి చెప్పకుండా మీరిద్దరే ఫిర్యాదు చేసి నడిపించుకోవడం. తమ్ముడి పరువు దక్కుతుంది, ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఆ బెదిరింపు బలమంతా నాన్నకి తెలియకపోవడంలోనే ఉంది. ఏదో ఒక మధ్యాహ్నం కొట్లో రైతుల మధ్య కూర్చున్నప్పుడు ఆయన ఫోన్‌కి ఆ మెసేజ్ వస్తే, మీరెవరూ పక్కన ఉండరు. అది రాదని మనం హామీ ఇవ్వలేం.

రెండోది, మీరు చెప్పడం. ఎంత చెప్పాలన్నది మీ చేతుల్లో ఉంది. ‘ఫోన్లో డాక్టర్లమని చెప్పి తమ్ముడిని మోసం చేశారు నాన్నా, 12 వేలు పోయాయి, ఇప్పుడు బెదిరిస్తున్నారు, పోలీసులకి ఫిర్యాదు చేశాం. కొత్త నంబర్ నుంచి ఏమొచ్చినా తెరవకండి, నాకు ఫోన్ చేయండి’ అంటే చాలు. దేనికి మందు వాడాడో, ఏ అలవాటో తండ్రికి అక్కర్లేదు. అడిగితే, ‘ఆరోగ్యం గురించి భయపడ్డాడు, డాక్టర్‌కి చూపిస్తున్నాం’ అనండి, అది అబద్ధం కాదు. ఆయన కోప్పడవచ్చు, ఒకటి రెండు రోజులు ఇల్లు బరువుగా ఉండవచ్చు. బెదిరించేవాడి చేతిలో మాత్రం ఇక ఏమీ మిగలదు. ముందు అమ్మకి చెప్పి, ఆవిడ ద్వారా నాన్నకి తెలిసేలా చేయడం మీ ఇంట్లో సులువైతే అలాగే చేయండి.

మూడోది, మీరు పక్కన కూర్చుని తమ్ముడి చేతే చెప్పించడం. కష్టం, కానీ చెప్పాక అతను తేలికపడే అవకాశం దీనిలోనే ఎక్కువ. నాన్న చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం ఈ దారి వద్దు. నా మొగ్గు రెండోదాని వైపు. మీ నాన్నగారి స్వభావం తెలిసింది మీకే. ఏ దారైనా, తమ్ముడికి చెప్పకుండా మీరు నోరు విప్పకండి. మిమ్మల్ని నమ్మి చెప్పుకున్నాడు. ఆ నమ్మకం పోతే అతనికి ఇక మిగిలేది చాట్‌బాటే.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. అందులో ఏముందో మనకి తెలియదు. ఇలా లేబుల్ లేకుండా అమ్మే పొడుల్లో, లేహ్యాల్లో స్టెరాయిడ్లు, అంగస్తంభనకి వాడే అల్లోపతి మందులు, సీసం లాంటి లోహాలు దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. నెల రోజులు తిన్నాడు కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే డబ్బాతో సహా జనరల్ ఫిజీషియన్ దగ్గరికి పంపండి. లివర్, కిడ్నీ, షుగర్ పరీక్షలు చేయించి, బీపీ చూడమనండి. డబ్బా పారేయకండి, ఫిర్యాదుకీ అదే ఆధారం. నేను ఆయుర్వేదాన్ని అనడం లేదు. లైసెన్సున్న ఆయుర్వేద మందు లేబుల్ మీద ఏమేం కలిపారో, బ్యాచ్ నంబర్, తయారీ లైసెన్సు నంబర్ చట్టం ప్రకారం ఉండి తీరాలి. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడికీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. మీ తమ్ముడికి మందు పంపినవాడి దగ్గర ఇవేవీ లేవు. అసలు లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకి ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఇలాంటి ప్రకటనలు ఒకప్పుడు బస్టాండు గోడల మీద ఉండేవి, ఇప్పుడు ఫోన్లోకి వచ్చాయి. గోడకి మీ తమ్ముడి వయసెంతో, రాత్రి ఒంటిగంటకి ఏ వీడియో దగ్గర ఆగాడో తెలిసేది కాదు. ఫోన్‌కి తెలుసు.

తమ్ముడికి చదివి వినిపించండి, అలా వద్దనుకుంటే ఈ పేరా ఫొటో తీసి పంపండి. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవు. కళ్లు లోపలికి పోవు, అంగం చిన్నదైపోదు, పిల్లలు పుట్టకపోవడం ఉండదు. ఇన్ని రక్తపు చుక్కలు కలిస్తే ఒక వీర్యపు చుక్క అన్న లెక్క పూర్తిగా తప్పు. వృషణాల్లో వీర్యకణాలు రోజూ తయారవుతూనే ఉంటాయి. ఒక్కో కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. దాచిపెడితే బలంగా మారేది ఏమీ లేదు, వాడని కణాలు శరీరంలోనే కలిసిపోతాయి. నిద్రలో స్ఖలనం కావడం ఈ వయసులో మామూలే. వీర్యం పోతే ప్రాణశక్తి పోతుందన్న భయం మన దేశంలో ఎంత పాతదంటే, ఆ భయంతోనే నీరసం, నడుంనొప్పి, నిద్రలేమి తెచ్చుకునేవాళ్ల పరిస్థితికి సైకియాట్రిస్టు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. మీ తమ్ముడికి నిజంగానే నీరసం ఉండవచ్చు. రాత్రి రెండింటి దాకా మెలకువ, ఆకలి లేకపోవడం, నెలల తరబడి భయం, వీటిలో ఏ ఒక్కటైనా నీరసానికి చాలు. కావాలంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమని అడగవచ్చు.

మీకేమీ కాలేదు, అతనికే ఎందుకైందన్నారు. మీకు పీరియడ్స్ వచ్చినప్పుడు అమ్మో పిన్నో ఎవరో ఒకరు పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పి ఉంటారు. మీ యాప్ ఆ తర్వాత తేదీలు రాసుకోవడానికి వచ్చింది. మగపిల్లాడికి మన ఇళ్లలో ఆ నాలుగు మాటలు కూడా ఉండవు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేసే బడులు ఇప్పటికీ ఉన్నాయి. నాన్న అడగడు, మాస్టారు చెప్పడు, స్నేహితులు వేళాకోళం చేస్తారు. ఒకప్పుడు తెలుగు పత్రికల్లో డాక్టర్ సమరం గారి లాంటివాళ్లు ఈ ప్రశ్నలకి మొహమాటం లేకుండా జవాబులు రాసేవారు, పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం ఉంది. ఇప్పుడా జవాబు కోసం మీ తమ్ముడు ఫోన్‌ని అడిగాడు. అడగడం తప్పు కాదు. మొదట దొరికినవాడు దొంగ కావడం అతని దురదృష్టం.

అందుకే ఫోన్ లాక్కోవద్దంటాను. లాక్కున్నా కుదరదు. కాలేజీ గ్రూపులు, ఫీజులు, ఓటీపీలు అన్నీ దానిలోనే. ప్రశ్న పోదు, అడిగే చోటు మాత్రమే మారుతుంది. లైంగిక విషయాలు చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి యునెస్కో 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి విరుద్ధంగా చెబుతున్నాయి. సరైన లైంగిక విద్య వల్ల పిల్లలు ముందుగా సెక్స్ మొదలుపెట్టడం జరగదు, మొదలుపెట్టినవాళ్లు జాగ్రత్తలు ఎక్కువ పాటిస్తారు.

నమ్మదగిన యాప్ పేరు అడిగారు. పాపులేషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ చేసిన ‘స్నేహ్ ఏఐ’ చాట్‌బాట్ ఇలాంటి ప్రశ్నల కోసమే వచ్చింది. అది హిందీ ఇంగ్లిష్ కలిసిన భాషలో మాట్లాడుతుంది. కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2017లో కౌమారుల కోసం ‘సాథియా సలాహ్’ అనే యాప్ తెచ్చింది. తెలుగులో రాత్రి ఒంటిగంటకి తెరిచి, కళ్లు మూసుకుని నమ్మమని ఒక్క పేరు చెప్పే పరిస్థితి నాకు కనిపించడం లేదు. ఆ ఖాళీలోనే దొంగ డాక్టర్ల వీడియోలు పెరుగుతున్నాయి, నాకు బాధ కలిగించే విషయం ఇది. కాబట్టి యాప్ పేరు కంటే పని చూడండి. శరీరం ఎలా పనిచేస్తుంది, కండోమ్ ఎలా వాడాలి, ఏ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఇలాంటివి తెలుసుకోవడానికి ఫోన్ చాలా మంచిది. సిగ్గు పడక్కర్లేదు, ఎన్నిసార్లయినా అడగవచ్చు. చూడకుండా, పరీక్ష చేయకుండా ఇదీ నీ జబ్బు అని తేల్చి, మందు కూడా తనే అమ్మేది ఏదైనా సరే, అక్కడ ఆగిపోవాలి.

ఫోన్లో వైద్యమే వద్దని కాదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టర్ వీడియోలో చూడవచ్చు, తన రిజిస్ట్రేషన్ నంబర్ తెలియజేయాలి. ఆ నంబర్‌ని మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్లో సరిచూసుకోవచ్చు. ప్రభుత్వ ‘ఈ-సంజీవని’లో ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడవచ్చు. 10 నుంచి 19 ఏళ్లవాళ్ల కోసం 2014లో మొదలైన ఆర్‌కేఎస్‌కే (రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్) పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కౌమార ఆరోగ్య క్లినిక్‌లు పెట్టారు. దగ్గర్లో ఉందేమో కనుక్కోండి, మీ తమ్ముడికి ఇంకా ఆ వయసు దాటలేదు.

చాట్‌బాట్ అతనికి తప్పు చెప్పలేదు. భయం లేదనే చెప్పింది. కానీ ఒకే ప్రశ్న ప్రతి రాత్రీ అడుగుతున్నాడంటే అతనికి లేనిది సమాచారం కాదు. జవాబు వచ్చిన ఆ కొద్దిసేపు హాయిగా ఉంటుంది, మళ్లీ భయం మొదలవుతుంది, మళ్లీ అడగాలనిపిస్తుంది. ఇలా ఎన్నిసార్లు అడిగితే ఆ అలవాటు అంత బలపడుతుంది. ఇది ఆందోళన జబ్బుల్లో బాగా తెలిసిన లక్షణం, చికిత్స ఉంది. ఫిజీషియన్ చూశాక కూడా ఇదే జరుగుతుంటే సైకియాట్రిస్టుకి గానీ సైకాలజిస్టుకి గానీ చూపించండి. అడిగినప్పుడల్లా మీరు ‘ఏం కాదురా’ అంటూ పోతే మీరూ ఆ చాట్‌బాట్ పనే చేస్తున్నట్టు. ఒకసారి చెప్పండి, తర్వాత ‘చెప్పాను కదా, పద భోజనం చెయ్’ అని మాట మార్చండి.

ఇక ‘సేఫ్ డేస్’. ఈ ప్రశ్నని చిన్నది చేయకండి. ఈ రోజుల్లో గర్భం రాదని యాప్ గత నెలల తేదీలని బట్టి వేసే అంచనా అది. అండం విడుదలయ్యేది తర్వాతి పీరియడ్‌కి సుమారు 14 రోజుల ముందు, అంటే ఆ పీరియడ్ వచ్చాక గానీ లెక్క తేలదు. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి. పరీక్షల టెన్షన్‌కీ జ్వరానికీ పీరియడ్ తేదీలు మారిపోయే వయసులో ఆ రంగుల క్యాలెండర్‌ని నమ్ముకుంటే గర్భం వచ్చే అవకాశం ఎక్కువే. పైగా సుఖవ్యాధుల నుంచి అది కాపాడదు. కండోమ్ రెండు పనులూ చేస్తుంది. పొరపాటు జరిగితే అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది గర్భస్రావం మాత్ర కాదు, నెలనెలా వాడేదీ కాదు. గర్భస్రావం మాత్రలు డాక్టర్‌ని అడగకుండా ఆన్‌లైన్లో తెప్పించుకుని వేసుకోవడం ప్రమాదకరం కావచ్చు. 18 దాటిన అమ్మాయి గర్భస్రావానికి ఇంట్లోవాళ్ల సమ్మతి అక్కర్లేదు, ఆమె సమ్మతి చాలు, చట్టం ఆమె వివరాలని గోప్యంగా ఉంచమంటోంది. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం (ఐసీటీసీ)లో ఉచితంగా, రహస్యంగా పరీక్ష చేస్తారు, సమాచారానికి 1097.

ఆ అమ్మాయి వయసు కనుక్కోమనండి. మొదటి సంవత్సరం అమ్మాయిలకి 17 ఉండటం మామూలే. 18 నిండకపోతే ఆమె ఇష్టపడినా పోక్సో చట్టం ముందు అది సమ్మతి కాదు, మీ తమ్ముడి మీద తీవ్రమైన కేసు అవుతుంది. భయపెట్టడానికి కాదు, ఏ యాప్ కూడా తనంతట తాను చెప్పని విషయం కాబట్టి రాస్తున్నాను. అలాగే ఆ అమ్మాయి వద్దంటే వద్దనే, మొహమాటపడి ఊరుకున్నా వద్దనే అర్థమని కూడా చెప్పండి.

మీ పీరియడ్స్ యాప్ గురించి ఒక్క మాట. ఎవరికీ చెప్పనని మాటిచ్చి వినియోగదారుల సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకి చేరవేసిందని ‘ఫ్లో’ యాప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో చర్య తీసుకుంది. మానేయమనను. అసలు పేరు, ఆఫీసు మెయిల్ ఇవ్వకుండా వాడండి, సెట్టింగ్స్‌లో సమాచారం పంచుకోవడం ఆపండి. తమ్ముడూ చాట్‌బాట్‌లో పేరు, కాలేజీ, ఫొటో పెట్టకూడదు.

అక్కగా ఎలా మాట్లాడాలన్నారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి మొదలుపెట్టకండి. ఫోన్లోనో, బండి మీద వెళుతూనో అయితే మొహాలు చూసుకోనక్కర్లేదు, ఇద్దరికీ సులువు. ‘నువ్వు చెప్పింది విన్నాక నాకు నీ మీద కోపం రాలేదు. ఆ వాట్సాప్‌వాడి మీద వచ్చింది. నీకు జబ్బేమీ లేదనే నేననుకుంటున్నా, డాక్టర్ చేత చెప్పిద్దాం’ అనండి. అంతవరకు చాలు. శరీరం వివరాలన్నీ మీరే వివరించనక్కర్లేదు. ఇబ్బందిగా ఉంటే ‘ఇది నాకూ ఇబ్బందిగానే ఉందిరా’ అనేయండి. ఆ మాటలు చెప్పడానికి బావగారో, చిన్నాన్నో, నోరు జారని మగవాళ్లెవరైనా ఉంటే తమ్ముడిని అడిగి వాళ్లని పిలవండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు మీరు కూడా వెళ్లండి, కానీ గది బయట కూర్చోండి. లోపల నోరు పెగలదని భయపడితే, చాట్‌బాట్‌ని అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఆ కాగితమే డాక్టర్ చేతిలో పెట్టమనండి.